బోడిగుండుకీ మోకాలికీ ముడి

సంబంధం లేని రెండు విషయాల్ని కలిపి మాట్లాడితే, బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకు అని పెద్దలు కసురుకునేవారు. వైద్యశాస్త్రం పట్టుబట్టి ఆ ముడి వేసి చూపించింది. మరీ మోకాలి దాకా రాలేదనుకోండి, కాస్త పైనే ఆగింది.

ఆ ముడి పేరు ఫినాస్టరైడ్. బట్టతలకి రోజుకో మాత్ర, 1 మిల్లీగ్రాము. ఒంట్లో టెస్టోస్టిరాన్‌ని డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోనుగా మార్చే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. వంశంలో బట్టతల రాసిపెట్టి ఉన్నవాడి నడినెత్తి మీది కుదుళ్లకి ఈ డీహెచ్‌టీ అంటే అస్సలు పడదు, అది తగిలేకొద్దీ కుదురు చిక్కిపోయి, వెంట్రుక నూగుగా మారి, చివరికి ఆ నూగు కూడా మిగలదు. మాత్ర ఆ ఎంజైమ్‌ని అణిచిపెట్టి రక్తంలో డీహెచ్‌టీని దాదాపు 70 శాతం తగ్గిస్తుంది. బాగుంది. చిక్కల్లా ఏమిటంటే డీహెచ్‌టీ మన జుట్టు రాల్చడానికే పుట్టలేదు. తల్లి కడుపులో మగబిడ్డ మగబిడ్డగా రూపుదిద్దుకోవడం దగ్గర్నుంచి దానికి వేరే డ్యూటీలు చాలా ఉన్నాయి. జుట్టు సంగతి ఓవర్‌టైం.

నిజానికి ఈ బేరం పాతదే. వృషణాలు తీసేసినవాళ్లకి బట్టతల రాదని హిపోక్రటీస్ పేరు మీదున్న గ్రీకు వైద్యగ్రంథాల్లోనే ఉంది. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఇంకాస్త లోతుకి వెళ్లి, యుక్తవయసుకి ముందే వాటిని కోల్పోయినవాళ్లకి తల నిండా జుట్టు ఉంటుందనీ, వంశంలో బట్టతల ఉన్నవాళ్లకి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే ఊడటం మొదలవుతుందనీ తేల్చాడు. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లోని ఓ పల్లెలో, పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లోపించిన మగవాళ్ల గురించి జూలియాన్ ఇంపరాటో మెక్‌గిన్లీ అనే వైద్యురాలి బృందం ప్రపంచానికి చెప్పింది. పుట్టినప్పుడు ఆడపిల్లలనుకుని పెంచారు, ఈడొచ్చాక మగవాళ్లయ్యారు. మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి చిన్నది, బట్టతల లేదు. ఇంత వింతలో మందుల కంపెనీకి ఆ చివరి రెండు ముక్కలే కనిపించాయి. 1992లో ప్రోస్టేట్ వాపు కోసం 5 మిల్లీగ్రాముల మాత్ర వచ్చింది, 1997 చివర్లో జుట్టు కోసం 1 మిల్లీగ్రాముది. కత్తి దగ్గర్నుంచి మాత్ర దాకా వచ్చాం, అభివృద్ధి కాదని ఎవరనగలరు?

ఇక డబ్బాలో ఉండే కాగితం. అంగుళం మడతలో ఉంటుంది, విప్పుతూ పోతే మంచం పరుచుకుంటుంది. దాన్ని తిరిగి అదే డబ్బాలో పెట్టగలిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. చదివినవాణ్ణి కూడా. అందులో కంపెనీవాళ్లు చేసిన పరీక్షల లెక్క ఉంటుంది: మాత్ర వేసుకున్నవాళ్లలో కోరిక తగ్గినవాళ్లు 1.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 1.3. అంగస్తంభన సమస్య వచ్చినవాళ్లు 1.3, అటువైపు 0.7. చిన్న అంకెలే. నూటికి ఒకరో ఇద్దరో. ఆ ఒకరిద్దరిలో తను ఉండనని ప్రతివాడికీ గట్టి నమ్మకం. బట్టతల విషయంలోనూ ఇలాగే నమ్మాడు, నున్నటి తలలతో తండ్రీ మేనమామా కళ్లెదుట తిరుగుతుండగా.

అయితే నేను జుట్టు పక్షమే అని ముందే మనవి చేసుకుంటున్నాను. ఆలోచించండి. జుట్టు ప్రజల ఆస్తి. ఆఫీసులో, బస్సులో, ఫోటోల్లో వందలమంది చూస్తారు, అడక్కుండానే అభిప్రాయం చెబుతారు. రెండోదానికి సాక్షి ఒక్కరే, అదీ లైటు ఆర్పేశాక. ప్రజాస్వామ్యంలో నమ్మకం ఉన్నవాడెవడైనా మెజారిటీకే ఓటేయాలి. పైగా జుట్టుకి ప్రోగ్రెస్ రిపోర్టు ఉంటుంది. బాత్రూంలో రెండు అద్దాల మధ్య వంగి, ఫోన్ నెత్తిమీద తలకిందులుగా పట్టుకుని, ఫ్లాష్ వేసి ఒకసారి, తీసేసి ఒకసారి, నడినెత్తిని ఫోటో తీసి, పోయిన నెల ఫోటో పక్కన పెట్టి, రెండు వేళ్లతో పెద్దది చేసి, ఇక్కడ కొత్తగా మూడు మొలిచాయా లేక తడి ఆరిందా అని పావుగంట పరిశోధన చేస్తాడు. కిందివైపు ఫైలుకి ఇంత శ్రద్ధ ఎప్పుడైనా దక్కిందా?

ఇంకో వర్గం ఉంది, ప్రోస్టేట్ కోసం చేసిన 5 మిల్లీగ్రాముల మాత్ర కొని బ్లేడుతో నాలుగు ముక్కలు చేసుకునేవాళ్లు. ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది, మిగతాది టేబుల్ మీద పొడి. గర్భిణులు పగిలిన మాత్రని ముట్టుకోకూడదని అదే కాగితంలో ఉంది, కడుపులో మగపిల్లాడుంటే ప్రమాదమని. ఆ పొడిని చొక్కా చేత్తో తుడిచేసి, ఆ చొక్కా ఉతుకులో పడేసి, మందు చాలా సేఫ్ అండీ అంటాడు.

ఏదైనా తేడా వస్తే ఆపేయొచ్చుగా అంటారు. నిజమే, చాలామందికి ఆపితే సర్దుకుంటుంది, కొందరికి వాడుతుండగానే సర్దుకుంటుంది. కానీ కొందరు ఆపాక కూడా అలాగే ఉందని చెబుతూ వచ్చారు, 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ ముక్కని లేబుల్ మీద రాయించింది. జుట్టు మాత్రం మాట మీద నిలబడుతుంది, మాత్ర ఆపిన ఏడాదిలోపు వచ్చిందంతా ఊడిపోతుంది. అంటే ఉండాల్సింది పోతుంది, పోవాల్సింది ఉంటుంది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత ఇక్కడ సరిగ్గా అతకదు. ఊడిందని ఎవరూ అనడం లేదు. ఉన్నచోటే ఉంది, పిలిస్తే పలకడం లేదంతే.

అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. అంతా నీ మనసులోనే ఉంది అంటారాయన. నెత్తిమీద మొదలైన సమస్య కిందికి దిగి, చివరికి మళ్లీ తలలోనే ఉందని తేలిందన్నమాట. ఆయన మాటకి ఆధారం లేకపోలేదు. 2007లో వచ్చిన ఒక ఇటలీ అధ్యయనంలో ప్రోస్టేట్ రోగులకి ఇదే మందు 5 మిల్లీగ్రాములు ఇచ్చారు. సైడ్ ఎఫెక్ట్స్ ఉండొచ్చని ముందే చెప్పినవాళ్లలో 43.6 శాతం మందికి లైంగిక ఇబ్బందులొచ్చాయి, చెప్పనివాళ్లలో 15.3 శాతం మందికి. దీన్నిబట్టి నా ప్రతిపాదన ఏమిటంటే, మందు ఉండనిచ్చి కాగితాన్ని నిషేధించాలి. ఎవరికీ ఏమీ చెప్పకపోతే చాలావరకు నయమైపోతుంది. ఆ మిగిలిన 15.3 శాతం మందికి ఎవరు చెప్పారో మాత్రం విచారణ జరిపించాలి.

ఒక్క విషయంలో నాకు వెటకారం రాదు. డిప్రెషన్, చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా ఈ మందు సైడ్ ఎఫెక్టుల్లో ఉన్నాయి, 2025లో యూరప్ ఔషధ సంస్థ రెండోదాన్ని ఖాయం చేసింది. అలాంటిది ఏమాత్రం అనిపించినా మాత్ర ఆపి డాక్టర్‌కి చెప్పాలి. అంతే, ఇక మన గోలకి వద్దాం.

ఇంట్లో కథ వేరు. మొగుడికి కొత్తగా జుట్టొచ్చింది. అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతున్నాడు, ఫోన్‌కి పాస్‌వర్డ్ పెట్టాడు (నడినెత్తి ఫోటోలు ఎవరైనా చూస్తారని), రాత్రయ్యేసరికి మాత్రం తలనొప్పి అంటున్నాడు. ఆమె కూడికలు తెలిసిన మనిషి, లెక్క వేసుకుంది. ఒకరోజు నిలదీసింది, "ఎవరది?" ఇతగాడి ముందు రెండు దారులున్నాయి, 1 మిల్లీగ్రాము సంగతి చెప్పడం, లేదా తప్పు చేసినవాడిలా తల దించుకోవడం. తల దించుకున్నాడు. నడినెత్తి బాగానే నిండింది అని ఆమె గమనించే ఉంటుంది.

ఫోన్‌లో నాలుగు ప్రశ్నలకి టిక్కులు పెట్టించుకుని మాత్రలు ఇంటికి పంపే కంపెనీలకి అందుకే ఒక విజ్ఞప్తి. ముందు, తర్వాత అని రెండు నడినెత్తుల ఫోటోలు వేస్తున్నారు కదా, పక్కన మూడోది కూడా వేయండి. అందులో ఆయన అక్కర్లేదు. ఆవిడ ముఖం చాలు.