మహారాజశ్రీ చవక మదర్‌బోర్డు గారికి

మహారాజశ్రీ మదర్‌బోర్డు గారి దివ్య సముఖానికి,

సొంతంగా కంప్యూటర్ బిగించుకుందామని కూర్చుంటే, ఈ మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అంటోంది. ర్యామ్ తీసి మళ్లీ పెట్టాను. పక్క స్లాట్‌లోకి మార్చాను. కొత్తదే అయినా రబ్బరుతో దాని అంచు తుడిచాను (కారణం అడక్కండి, అందరూ చేస్తారు). గుండ్రటి బ్యాటరీ పీకి, కాసేపు ఆగి మళ్లీ పెట్టాను. కేబుల్‌ని అనుమానించాను, మానిటర్‌ని అనుమానించాను, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌నైతే నానా మాటలూ అన్నాను. పాపం, వాటిలో దేనికీ ఏ రోగమూ లేదు.

తమరి మీద ఏ ప్రాసెసర్లు పనిచేస్తాయో చెప్పే జాబితా, కొనేముందు చూసినదే, మళ్లీ తెరిచాను. నా ప్రాసెసర్ పేరు అందులో శుభ్రంగా ఉంది. తమరి పెట్టె మీద కూడా ఉంది, పక్కన చిన్న చుక్క గుర్తుతో. ఆ చుక్క వెంటపడితే పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి బయటపడింది: బయోస్ అప్‌డేట్ అవసరం కావచ్చు (బయోస్ అంటే తమరు కళ్లు తెరవగానే నడిచే తొలి ప్రోగ్రామ్; అది పాతదైతే కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు). ‘కావచ్చు’ట! అంటే షాపులో ఏ పెట్టె చేతికొస్తుందో, అది ఎన్నాళ్ల కిందట తయారైందో, అదంతా నా అదృష్టం అన్నమాట.

సరే, అప్‌డేట్ చేద్దామనుకున్నాను. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాను, ఫైలు దించాను. చేయాలంటే బయోస్‌లోకి వెళ్లాలి. వెళ్లాలంటే తమరు ఆన్ కావాలి. ఆన్ కావాలంటే ప్రాసెసర్‌ని గుర్తుపట్టాలి. గుర్తుపట్టాలంటే అప్‌డేట్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. ఇంతకీ పరిష్కారం ఏమిటట? తమరికి పరిచయమున్న పాత ప్రాసెసర్ ఒకటి తెచ్చి కూర్చోబెట్టాలట! గ్రాఫిక్స్ కార్డుకు డబ్బుల్లేక, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ కొన్నవాణ్ణి నేను. రెండో ప్రాసెసర్ ఎక్కణ్ణుంచి తేను?

ఇది నా ఒక్కడి గోల కాదు. 2018లో ఇలాంటి తంటానే వచ్చినప్పుడు, ప్రాసెసర్ కంపెనీ ఏఎండీయే తన కొత్త సరుకు కొన్నవాళ్లకి పాత ప్రాసెసర్‌ని అప్పుగా పంపే ఏర్పాటు చేసింది. అప్‌డేట్ చేసుకుని తిరిగి పంపేయాలి. అంతదాకా వచ్చాక కూడా తమరి జాతికి బుద్ధి రాలేదు.

మందు లేని రోగం కూడా కాదిది. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అని ఒక బటన్ ఉంటుంది. ప్రాసెసర్ లేకపోయినా, ర్యామ్ లేకపోయినా, కరెంటు ఇచ్చి పెన్‌డ్రైవ్ గుచ్చి ఆ బటన్ నొక్కితే చాలు. బోర్డు మీదున్న చిన్న చిప్ ఒకటి ఆ ఫైలుని తనే రాసేస్తుంది. మరి ఆ బటన్ ఎవరికిస్తారు? ఎక్కువగా ఖరీదైన బోర్డులకి. అంటే, అవసరమైతే ఇంకో ప్రాసెసర్ కొనుక్కోగలిగిన మారాజులకి. అప్పు చేసి పార్టులు కొన్న స్టూడెంట్‌కి మాత్రం చుక్క గుర్తు!

పోనీ, నీ బాధేమిటో నోరు తెరిచి చెప్పావా? తప్పెక్కడుందో చూపించే లైట్లు లేవు. బీప్ కొట్టడానికి నాలుగు పిన్నులు పెట్టావు, స్పీకర్ మాత్రం ఇవ్వలేదు. ఫ్యాన్ తిప్పుతూ కూర్చున్నావు, అంతా బాగానే ఉన్నట్టు!

ఇక ఎస్‌ఎస్‌డీ బిగించే ఆ గోరంత స్క్రూ పెట్టెలో లేదు. వెనక పెట్టాల్సిన రేకు నా వేలు కోసింది. పవర్ బటన్ తీగలు గుచ్చే చోట పేర్లు చదవాలంటే భూతద్దం కావాలి. ఇవన్నీ క్షమించాను. చవక కదా.

నిజం చెప్పాలంటే నిన్ను కొన్నది ప్రాసెసర్ కూర్చునే ఆ సాకెట్ మీద నమ్మకంతోనే. ఏఎండీ వారి ఈ ఏఎం4 సాకెట్ వచ్చింది 2016లో. 2022లో కూడా దానికి కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. ఇవాళ చవకది పెట్టుకుని, ఉద్యోగం వచ్చాక అదే బోర్డు మీద పెద్దది వేసుకోవచ్చు. స్టూడెంట్‌కి అంతకంటే ఏం కావాలి? ఆ సంగతిలో నీకు దండం పెట్టాలి. ఇన్ని తరాల వాళ్లని కూర్చోబెట్టుకోగలవు గానీ, గుమ్మంలో నిలబడ్డవాడెవడో చూసి చెప్పలేవు.

మా సీనియర్ ఒకాయన దయతలిచాడు. ఇదే సాకెట్‌లో కూర్చునే తన పాత ఏ-సిరీస్ ప్రాసెసర్ రేపు విప్పి ఇస్తానన్నాడు. కూలర్ పీకేటప్పుడు దాని కింద పూసిన పేస్ట్ పట్టేసి ప్రాసెసర్ కూడా ఊడొస్తే? దాని అడుగున ఉన్న 1331 పిన్నుల్లో ఒక్కటి వంగినా ఆయన కంప్యూటర్ గతి అంతే. అయినా సరేనన్నాడు.

ఆ మాట విని వచ్చి, దించిన ఫైలు పక్కనున్న వివరం చదివాను. తమరి బయోస్ చిప్‌లో చోటు 16 ఎంబీ. కొత్తవాళ్ల వివరాలు పట్టాలంటే పాతవాళ్లని తీసేయాలి. అందుకే ఈ వెర్షన్ నుంచి ఏ-సిరీస్‌కి సపోర్ట్ ఉండదట. అంటే ఆయన ప్రాసెసర్ వచ్చి, తమరిని నిద్రలేపి, నాదాన్ని పరిచయం చేస్తుంది. ఆ మరుక్షణం నుంచి అదెవరో తమరికి తెలియదు. అప్‌డేట్ సరిగ్గా ఎక్కిందో లేదో చూసుకోవడానికి కూడా దాన్ని మళ్లీ ఆన్ కానివ్వరు.

ఈ సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు. చెబితే ప్రాసెసర్ ఇవ్వడం మానడు గానీ, తమరిని చూడ్డానికి వస్తానంటాడు. చేతిలో సుత్తి ఉంటే నన్నేమీ అనకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
అన్ని పార్టులూ ఉండి కంప్యూటర్ లేనివాడు