నిజం చెప్పినవాడికే నష్టం

‘నలుగురితో కలిసి పనిచేయడం మీకు ఇష్టమేనా?’ అని ఉద్యోగం ఇవ్వబోయే సంస్థే అడిగితే, ఇష్టం లేదని రాసే అభ్యర్థి ఎక్కడుంటాడు? ఇంజినీరింగ్ కళాశాలల ప్రాంగణ నియామకాల్లో రాత పరీక్షకు తోడు సైకోమెట్రిక్ టెస్ట్ పేరిట వ్యక్తిత్వ ప్రశ్నావళి పెట్టడం ఇప్పుడు కొత్త సంగతేమీ కాదు. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ మొదలుకొని ‘ఏమాత్రం అంగీకరించను’ వరకు ఉన్న గడుల్లో ఒకదాన్ని ఎంచుకోమంటారు. ఇందులో తప్పొప్పులు లేవని, మనసులో ఉన్నదే చెప్పమని పైన ఒక సూచన ఉంటుంది. ఆ మార్కులను బట్టే కొందరిని పక్కన పెడుతున్నప్పుడు తప్పొప్పులు లేవనడం ఎలా చెల్లుతుంది? ఇది గ్రహించిన విద్యార్థులు కంపెనీ కోరుకునే మనిషి ఎలా ఉంటాడో ఊహించుకుని గడులు నింపుతున్నారు. ఎలా నింపాలో సీనియర్లు చెబుతున్నారు, శిక్షణ కేంద్రాలు నేర్పుతున్నాయి. దీన్నంతా యువతరంలో నిజాయతీ తగ్గిపోవడం కింద జమకట్టి చేతులు దులుపుకోవడం సరికాదని మా అభిప్రాయం.

ఈ చిక్కు ప్రశ్నావళితోనే పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి మోతలకు మానసికంగా కుప్పకూలే సైనికులను ముందే గుర్తించాలని అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ వుడ్‌వర్త్ అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్నలతో ఒక పత్రం తయారుచేశారు. అది అక్కరకు వచ్చేలోగా యుద్ధమే ముగిసింది. పోరుకు పోవడం ఇష్టం లేనివాడు లేని బాధను ఉందని రాయడానికి గాని, పోయి తీరాలనుకున్నవాడు ఉన్నదాన్ని దాచడానికి గాని అటువంటి పత్రంలో అడ్డేమీ లేదు. మానసిక రోగ నిర్ధారణ కోసం మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హాథవే, మెకిన్లీ రూపొందించి 1943లో వెలువరించిన ఎంఎంపీఐ అనే వ్యక్తిత్వ ప్రశ్నావళి ఈ లోపాన్ని పూడ్చబోయింది. అందులో 15 వాక్యాలు ఉన్నది అబద్ధాన్ని పట్టుకోవడానికే. మామూలు మనుషులందరూ ఒప్పుకునే చిన్న చిన్న లోపాలను కూడా తనకు లేవనేవాడి మిగతా జవాబులను అనుమానించాలన్నది వాటి వెనకున్న ఆలోచన. ‘పత్రికలో వచ్చే ప్రతి సంపాదకీయాన్నీ నేను రోజూ చదవను’ అన్నది వాటిలో ఒకటి. చదువుతానని రాసినవాడికి అబద్ధం పద్దులో ఒక మార్కు పడుతుంది. సంపాదకీయాలు రాసేవారికి రుచించే సంగతి కాకపోయినా, ఆ లెక్క తప్పని వాదించే ధైర్యం మాకూ లేదు.

అయితే నిజంగా నిష్ఠగా బతికేవాడూ, నిష్ఠను నటించేవాడూ ఈ పద్దులో పక్కపక్కనే నిలబడతారు. కోపం పైకి చూపకూడదని, ఎవరినీ పల్లెత్తు మాట అనకూడదని చెప్పి పెంచిన ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి ‘నాకు కోపం రాదు’ అని రాస్తే, అది నటనో పెంపకమో తేల్చే శక్తి మార్కులు వేసే కంప్యూటర్‌కు లేదు. కిటుకు తెలిసినవాడు మాత్రం ఒకటి రెండు చిన్న తప్పులను హాయిగా ఒప్పేసుకుని గట్టెక్కుతాడు. అమెరికా పాత్రికేయుడు విలియం వైట్ 1956లో పెద్ద కంపెనీల ఉద్యోగుల గురించి రాసిన పుస్తకానికి, ఇటువంటి పరీక్షల్లో ఎలా మోసం చేయాలో చెప్పే అనుబంధాన్ని జోడించారంటే ఈ విద్య ఎంత పాతదో అర్థమవుతుంది.

పరీక్షలను సమర్థించేవారి వాదననూ వినాలి. ఒకసారి ఉద్యోగం దక్కక, ఆరు నెలల తర్వాత మళ్లీ దరఖాస్తు చేసుకున్న 5,266 మంది జవాబులను అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ హోగన్ బృందం పోల్చి 2007లో ఫలితాలు ప్రకటించింది. ఏ లక్షణం చూసినా మార్కులు మెరుగైనవారు 5.2 శాతం మించలేదు. కాబట్టి అసలు ఉద్యోగార్థుల విషయంలో నటన గురించిన భయం అతిశయోక్తి అని వారు తేల్చారు. హోగన్ స్వయంగా ఇటువంటి పరీక్షలు అమ్మే కంపెనీ వ్యవస్థాపకుడన్న సంగతిని పక్కన పెట్టినా, మొదటిసారే ఉన్నదానికంటే పెంచి రాసుకున్నవాడు రెండోసారి ఇంకేం పెంచుతాడన్న సందేహం తీరదు. నటించమని చెప్పి పరీక్ష పెడితే మార్కులు బాగా పెరుగుతాయని ఎన్నో ప్రయోగాలు చూపాయి. ఏ లాభనష్టాలూ లేకుండా జవాబిచ్చినవారితో పోలిస్తే ఉద్యోగార్థులకు క్రమశిక్షణలో, మానసిక స్థిరత్వంలో ఎక్కువ మార్కులు వస్తుండటమూ పరిశోధకులు గమనించినదే. ఇంత జరిగినా మొత్తం మీద పరీక్షకూ పనితీరుకూ ఉన్న, అసలే పలుచనైన సంబంధం పెద్దగా చెడదని కొందరు గణాంకాలు చూపుతారు. అది నిజమే కావచ్చు. కానీ వెయ్యి మందిలో పది మందిని ఏరుకునేటప్పుడు పై వరుసకు చేరేవారిలో పెంచి చెప్పుకున్నవారే ఎక్కువగా ఉంటారు. ఉన్నది ఉన్నట్టు రాసి పదకొండో స్థానంలో ఆగిపోయిన అభ్యర్థికి ఆ గణాంకాలు ఏ ఊరటా ఇవ్వవు.

సమానంగా మంచివనిపించే రెండు వాక్యాల్లో ఒకదాన్నే ఎంచుకోమనే పద్ధతి నటనను కొంత తగ్గిస్తుంది గాని పూర్తిగా ఆపలేదు. మన సైన్యంలో అధికారుల ఎంపిక నుంచి కంపెనీలు నేర్చుకోదగ్గది ఉంది. అక్కడ 60 పదాలను ఒక్కొక్కటి 15 సెకన్ల పాటు చూపి, మనసుకు తోచిన వాక్యం రాయమంటారు. దీనికీ కోచింగ్ ఉంది, కంఠస్థం చేసిన వాక్యాలూ ఉన్నాయి. అయితే ఈ ఎంపిక జరిపే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఆ కాగితాన్నే నమ్ముకోదు. ఐదు రోజుల ప్రక్రియలో మనస్తత్వవేత్త, ఇంటర్వ్యూ చేసే అధికారి, మైదానంలో బృంద పరీక్షలు పెట్టే అధికారి ఎవరికి వారు అంచనా వేసి, చివరి రోజున కూర్చుని పోల్చుకుంటారు. కాగితం మీద నాయకుడైనవాడు మైదానంలో బల్లలు, తాళ్లు పట్టుకుని తోటివారితో అడ్డంకి దాటేటప్పుడు ఎలా ఉన్నాడో చూసిన కళ్లు వేరే ఉంటాయి.

ఐదు రోజుల ఎంపిక కంపెనీలకు సాధ్యం కాదు, నిజమే. అయినా వ్యక్తిత్వ ప్రశ్నావళిని మొదటి వడపోతలో వాడటం మానుకోవచ్చు. చేయబోయే పనిలోంచే ఒక ముక్క ఇచ్చి చేయించి, అందరినీ ఒకే ప్రశ్నలతో ఇంటర్వ్యూ చేసిన తర్వాత, మాట్లాడటానికి ఒక ఆధారంగా మాత్రమే ఆ జవాబులను ముందు పెట్టుకోవచ్చు. జవాబులను దేనికి వాడతారో, ఎంతకాలం దాచుకుంటారో అభ్యర్థికి ముందే చెప్పాలి. కంపెనీలు తమంతట తాము మారతాయని ఎదురుచూడనక్కర్లేదు. సైకోమెట్రిక్ మార్కును కటాఫ్‌గా వాడబోమని రాసిచ్చిన సంస్థలనే ప్రాంగణ నియామకాలకు ఆహ్వానించాలని రెండు రాష్ట్రాల్లోని జేఎన్‌టీయూలు తమ అనుబంధ కళాశాలలకు సూచించాలి. వచ్చే ప్లేస్‌మెంట్ సీజన్ మొదలయ్యేలోపే ఆ పని జరగాలి.