సవరణ: అంతరిక్షంలో మంట గురించి నేను రాసింది తప్పు

అంతరిక్ష కేంద్రంలో గురుత్వాకర్షణ ఉండదనీ, అందుకే అక్కడ కొవ్వొత్తి వెలిగించినా క్షణాల్లో ఆరిపోతుందనీ మొన్నటి పోస్టులో రాశాను. రెండూ తప్పే.

సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా నేల మీద ఉన్న ఆకర్షణలో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రమూ, లోపలి మనుషులూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉంటారు కాబట్టి బరువు తెలియదు, అంతే.

ఇక మంట. 1996లో రష్యా వారి మీర్ అంతరిక్ష కేంద్రంలో అమెరికా వ్యోమగామి షానన్ లూసిడ్ వెలిగించిన కొవ్వొత్తులు నిమిషాల తరబడి వెలిగాయి. బరువు తెలియని చోటు కాబట్టి అక్కడ వేడిగాలి పైకి లేవదు. ఆక్సిజన్ అన్ని వైపుల నుంచీ మెల్లగా వచ్చి చేరాలి. అందుకే మంట కోలగా సాగకుండా ఒత్తి చుట్టూ చిన్న గోపురంలా, మసక నీలం రంగులో ఉంటుంది. మనం చూసే పసుపు రంగు మసి రేణువులు వేడెక్కి మెరవడం వల్ల వచ్చేది. అక్కడ మసి బాగా తక్కువ.

ఇంకొకటి (ఇది రాసినందుకు నాకే సిగ్గుగా ఉంది): అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో హెప్టేన్ అనే ద్రవ ఇంధనపు చుక్కలను మండించినప్పుడు బయటపడ్డ 'చల్లని మంట'ను చేత్తో ముట్టుకోవచ్చన్నాను. కంటికి కనిపించకపోయినా దాని వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది. మామూలు మంటతో పోలిస్తేనే అది చల్లన.