ముందు రిపోర్టు ఎవరిదో, తప్పు వాళ్లదే

ఇంట్లోకి హెచ్‌ఐవీ ఎవరు తెచ్చారో తేల్చడానికి సమాజం ఎంతో శ్రమపడి ఒక శాస్త్రీయ పద్ధతి కనిపెట్టింది. ఎవరి రిపోర్టు ముందొస్తే తెచ్చింది వాళ్లే. గర్భిణికి తొలి చెకప్‌లలోనే రక్తపరీక్ష చేస్తారు. భర్తకు గర్భం రాదు కాబట్టి పరీక్ష లేదు. పరీక్ష లేదు కాబట్టి రిపోర్టు లేదు, రిపోర్టు లేదు కాబట్టి ఆయన నిర్దోషి. వేలెత్తి చూపడానికి లేని తర్కం.

ఆ కాగితం మీద వైరస్ ఉందనే తప్ప ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఉండదని డాక్టర్లు గొణుగుతుంటారు. వాళ్ల మాట అలా ఉంచండి. భార్యకు నెగెటివ్ వచ్చిందా, ఆ రిపోర్టులో ఆయనకూ సగం వాటా ఉంటుంది: "ఆమెకు లేదంటే నాకూ లేనట్టే." ఒకరికి ఉండి మరొకరికి లేని జంటలు ఎన్నో ఉన్నాయట. అంత మాత్రానికే ఇంత సౌకర్యాన్ని వదులుకుంటామా?

పాజిటివ్ అని తేలగానే ఆమెకు ఒక సలహా ఉచితంగా దొరుకుతుంది: "మీ ఆయనకు చెప్పండమ్మా." చాలా మంచి సలహా. చెప్పాక ఆయన కొడితే, గెంటేస్తే, కడుపులో బిడ్డ ఎవరిదని అడిగితే ఏం చేయాలన్నది మాత్రం సిలబస్‌లో లేదు. అందుకని కొందరు నటన నేర్చుకుంటారు. హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మాత్రల డబ్బాకు లేబుల్ పీకేసి, ఐరన్ మాత్రలని చెప్పి రోజూ మింగుతారు. ఇంటినిండా చుట్టాలున్న రోజు మాత్ర ఎగిరిపోతుంది. కాన్పయ్యాక ఇంకా కష్టం. ఐరన్ ఇంకా ఎందుకని అత్తగారు అడుగుతుంది. వైరస్ సోకకుండా బిడ్డకు వారాల తరబడి పోసే సిరప్‌కు ఏం పేరు పెట్టాలి? విటమిన్ అనొచ్చు. మరి నిక్షేపంగా ఉన్న పసివాణ్ణి ఆరో వారంలో రక్తపరీక్షకు ఎందుకు తీసుకెళ్తున్నట్టు? ఇన్ని అబద్ధాలు వరసగా గుర్తుపెట్టుకోవడం కంటే డాక్టరీ చదవడం తేలిక.

మందులేవీ వాడకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందులు క్రమంగా వాడి, కాన్పునాటికి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు దొరకనంతగా అణిగిపోతే పుట్టుకతో సోకే అవకాశం 1 శాతం లోపే. అలా అణిగి ఉన్నంతకాలం లైంగికంగా భర్తకూ సోకదని పెద్ద పెద్ద అధ్యయనాలు తేల్చేశాయి. అంటే ఆమె చాటుగా మింగే మాత్ర ఆయన్నీ కాపాడుతోంది. ఈ సంగతి ఆయన చెవిన పడకుండా లోకం ఎంత జాగ్రత్త పడుతోందో! పడితే కోప్పడటానికి సరుకేం మిగులుతుంది?

ఇది చాలదన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఒక ప్రమాదకరమైన సూచన చేసింది. ఇద్దరూ ఇష్టపడితే కలిసి రావాలట, ఇద్దరికీ పరీక్ష చేయాలట, ఫలితం కౌన్సెలర్ సమక్షంలో ఇద్దరూ ఒకేసారి వినాలట. ఆమె ఒంటరిగా నోరు తెరవాల్సిన పనే ఉండదు. (ఇంట్లో దెబ్బలు తినే భయం ఉన్న మనిషిని చెప్పి తీరాలని ఒత్తిడి చేయకూడదట కూడా. ఇక మన ఉచిత సలహాలన్నీ ఏమైపోవాలి?) ఇందులోని ఘోరమైన లోపాన్ని ఆ పెద్దలు గమనించినట్టు లేదు. రెండు రిపోర్టులూ ఒకే నిమిషంలో వస్తే దోషి దొరికేదెలా?

పైగా గర్భిణుల ఓపీలో మగవాళ్లకు కుర్చీ కూడా ఉండదు. భర్తలు గేటు బయట బండి మీద కూర్చుని ఎంతో బాధ్యతగా ఎదురుచూస్తుంటారు. స్కానింగ్‌లో బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తామంటే పరుగున వస్తారు. మీరూ ఒకసారి చెయ్యి చాపండి, రక్తం తీసుకుంటాం అన్నప్పుడే, బండికి తాళం వేయలేదని గుర్తొస్తుంది.