‘నాకేమీ తెలియదు’ గారికి

ఆటోనగర్, విశాఖపట్నం.

అయ్యా, ‘నాకేమీ తెలియదు’ గారూ,

నమస్కారం. ముగ్గురు భాగస్థులున్న వెల్డింగు షెడ్డులో తొమ్మిదేళ్లుగా లెక్కలు రాస్తున్న గుమాస్తాను. నా దృష్టిలో ఈ సంస్థకు నాలుగో భాగస్థులు మీరే. లాభాలు పంచుకునే రోజు మీ అజాపజా ఉండదు. ఆ రోజు ముగ్గురికీ తుక్కు అమ్మగా వచ్చిన చిల్లర సహా అన్నీ గుర్తుంటాయి. నోటీసు వచ్చిన రోజు మాత్రం ముగ్గురి నోటా మీరే.

పోయిన నెల పీఎఫ్ కార్యాలయం నుంచి కవరు వచ్చింది. ఇరవై ముగ్గురు పనివాళ్ల జీతాల్లోంచి నెలనెలా 12 శాతం కోసింది నా పెన్నే. ఆ సొమ్ము చలానా దాకా వెళ్లలేదు, దారిలోనే గ్యాస్ కటింగ్ యంత్రమైపోయింది. గ్రైండరు మీద పనిచేసే కుర్రాడు చెల్లెలి పెళ్లికి పీఎఫ్ తీసుకుందామని ఫోనులో పాసుపుస్తకం తెరిచాడు. చివరి జమ పడి పద్నాలుగు నెలలైంది. ఫోను పాడైందేమోనని చొక్కాతో తెర తుడిచి మళ్లీ చూశాడు.

పెద్దాయన సీతమ్మధార నుంచి ఫోనులో, ‘పెట్టుబడి పెట్టానే గాని షెడ్డు ముఖం చూశానా?’ అన్నారు. రెండో ఆయన తనవన్నీ బయటి పనులన్నారు. మూడో ఆయన చెక్కుల మీద సంతకం చేశారట గాని చదవలేదట. డబ్బు పెట్టి పనిలో తలదూర్చని భాగస్థుణ్ని స్లీపింగ్ పార్ట్‌నర్ అంటారు గదా, ముగ్గురూ ఒకేసారి అలా అయ్యారు. మెలకువగా ఉన్నది నేనూ, షెడ్డు ముందు కుక్కా.

మీ బలం గురించి కొంత చదివాను. 1952 నాటి పీఎఫ్ చట్టంలోని 14ఏ సెక్షను ప్రకారం సంస్థ తప్పు చేస్తే, అప్పుడు వ్యవహారాలు నడిపే బాధ్యత ఎవరిదో వారూ దోషులే. అక్కడ ‘కంపెనీ’ అంటే భాగస్వామ్య సంస్థ కూడా, ‘డైరెక్టరు’ అంటే భాగస్థుడు. జీతంలో కోసిన వాటా కట్టకపోతే మూడేళ్ల వరకు జైలు. తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగిన జాగ్రత్తంతా తీసుకున్నాననో చూపితే శిక్ష లేదు. మీరు తలదాచుకునేది ఆ సందులోనే. కాకపోతే ఆ మాట నోటితో అంటే చాలదు, అన్నవారే రుజువు చేయాలి. భాగస్వామ్య పత్రంలో పేరున్నంత మాత్రాన జైల్లో వేయమని చట్టమూ అనదు, అది న్యాయమే. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి గదా, మీకు ఇక సెలవేమో అనుకున్నాను. సంస్థల నేరాల నిబంధన వాటిలోనూ ఉంది, మీ సందుతో సహా.

నిన్న సాయంత్రం తొమ్మిదేళ్లలో మొదటిసారి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించారు. పక్కన టైపు చేసిన కాగితం. ‘సంస్థ వ్యవహారాలన్నీ గుమాస్తాయే చూసుకుంటారు’ అని ఒకే వాక్యం, కింద నా పేరు, మూత తీసిన పెన్ను. ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణ నుంచీ భాగస్వామ్య సంస్థలో ‘ఆక్యుపయర్’, అంటే ఫ్యాక్టరీకి చట్టం ముందు బాధ్యుడు, భాగస్థుల్లో ఒకరేనండీ, గుమాస్తా కాదు అన్నాను. పెద్దాయన కళ్లజోడు తీసి, ‘ఇన్ని చట్టాలు నీకెలా తెలుసు?’ అన్నారు.

‘నాకేమీ తెలియదండీ’ అని పెన్నుకు మూత పెట్టి వచ్చేశాను. అనుమతి లేకుండా మీ పేరు వాడుకున్నందుకు మన్నించగలరు.

ఇట్లు,
గుమాస్తా