ఇంకో అయిదున్నర కిలోలు పెరిగితేనే బీమా

ఒక గృహిణిని ఊహించుకుందాం. వయసు నలభై ఆరు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. పదేళ్లుగా షుగరు ఉంది, రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకుంటున్నా మూడు నెలల షుగరు సగటు చూపే హెచ్‌బీఏ1సీ తొమ్మిది శాతానికి దిగడం లేదు. ఇలాంటి మనిషి కోసం మన ఇళ్లలో ఎవరూ పెద్దగా వెతకక్కర్లేదు. బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకుంటే షుగరు కూడా అదుపులోకి వస్తుందని డాక్టరు ఆమెకు చెప్పారు. పన్నెండేళ్లుగా ఒక్క ఏడాదీ తప్పకుండా ప్రీమియం కట్టిన ఆరోగ్య బీమా ఉంది కదా అని ఆసుపత్రిలోని బీమా కౌంటరుకు వెళితే, మీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే అంకె) 32.8 మాత్రమే, 35 ఉంటే గానీ క్లెయిమ్ రాదంటారు. లెక్క వేస్తే ఆమె ఆ గీత దాటడానికి ఇంకో అయిదున్నర కిలోలు పెరగాలి. బరువు తగ్గే వైద్యానికి అర్హత సంపాదించడానికి బరువు పెరగాల్సి రావడం వింతగా అనిపించవచ్చు గానీ, నిబంధనను ఉన్నదున్నట్టు చదివితే తేలేది అదే.

ఆ నిబంధన బీమా కంపెనీలు ఎవరికి వారు పెట్టుకున్నది కాదు. అంతకుముందు చాలా పాలసీలు ఊబకాయం అన్న మాట కనబడితే చాలు, పూర్తిగా మినహాయించేవి. హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయమున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో మినహాయింపుల భాషను అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండేట్టు ఖరారు చేసింది. అందులో ఆరో మినహాయింపు ఊబకాయానిది. దాని ప్రకారం ఖర్చు రావాలంటే డాక్టరు సలహా ఉండాలి, వైద్య ప్రమాణాలకు లోబడిన శస్త్రచికిత్స అయి ఉండాలి, రోగికి పద్దెనిమిదేళ్లు నిండాలి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. 35 నుంచి 40 మధ్య ఉంటే మాత్రం ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు), అదుపు తప్పిన టైప్-2 మధుమేహం అనే నాలుగింటిలో ఒకటైనా ఉండాలి. దానికి తోడు, శస్త్రచికిత్స లేని పద్ధతులు ప్రయత్నించి విఫలమై ఉండాలి. ఈ షరతులన్నీ తీరినవారికి ఖర్చు ఇవ్వాల్సిందే. ఆనాటికి అది ముందడుగేనని ఒప్పుకోవాలి.

చిక్కల్లా ఆ 40, 35 అనే అంకెలతోనే. అవి 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణుల సమావేశంలో ఖాయమైనవి. అప్పటికి ఈ శస్త్రచికిత్స పొట్ట నిలువునా కోసి చేసేది, ప్రాణాపాయం ఇప్పటి కంటే చాలా ఎక్కువ, దానికి తోడు పరిశీలనలో ఉన్న శరీరాలు అమెరికన్లవి. ముప్పై ఏళ్లు తిరిగేసరికి చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ పద్ధతి మామూలైంది, ఆ అంకెలు పెట్టిన వైద్య ప్రపంచమే వాటిని సవరించుకుంది. 2022లో అమెరికా, అంతర్జాతీయ బేరియాట్రిక్ (బరువు తగ్గించే శస్త్రచికిత్స) సర్జన్ల సంఘాలు కలిసి ప్రకటించిన మార్గదర్శకాల్లో వేరే జబ్బులేవీ లేకపోయినా 35 చాలన్నారు, ఆసియా జనాభాకైతే 27.5 నుంచే శస్త్రచికిత్స సూచించవచ్చన్నారు. మన పాలసీ పత్రాల్లో మాత్రం 1991 నాటి గీతే నడుస్తోంది.

ఆసియా శరీరాలకు వేరే గీత ఎందుకన్నది ఇద్దరు వైద్యుల కథతో బాగా అర్థమవుతుంది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూపుకు సన్నగా ఉండే మన మనిషిలో కొవ్వు పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరి ఉంటుంది. అందుకే తెల్లవారి కంటే తక్కువ బరువులోనే మనకు షుగరు, గుండె జబ్బులు పట్టుకుంటాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవల మార్గదర్శకాలు ఈ సంగతిని లెక్కలోకి తీసుకుని, దక్షిణాసియా మూలాలున్న వారికి బీఎంఐ పరిమితిని 2.5 తగ్గించాయి. అంటే మొదట చెప్పుకున్న మన గృహిణి లండన్‌లో కొడుకు దగ్గర స్థిరపడి ఉంటే, 32.5 గీత దాటినందున ఆమెను శస్త్రచికిత్స కోసం పరిశీలించి ఉండేవారు. అక్కడి నిరీక్షణ జాబితాలు ఎంత పొడవుంటాయో అది వేరే సంగతి. ఆమె నివసిస్తున్నది హైదరాబాద్‌లో కాబట్టి, తన శరీరాన్ని అమెరికన్ కొలతతో కొలిపించుకోక తప్పడం లేదు.

సొంత డబ్బుతో చేయించుకుంటే ఎంతవుతుంది? హైదరాబాద్ ప్రైవేటు ఆసుపత్రుల్లో స్లీవ్ గ్యాస్ట్రెక్టమీకి, అంటే జీర్ణాశయంలో మూడొంతులకు పైగా తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే శస్త్రచికిత్సకు, మామూలుగా మూడు నుంచి అయిదు లక్షలు చెబుతారు. జీర్ణాశయాన్ని చిన్నది చేసి నేరుగా పేగుకు కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్ అయితే ఇంకా ఎక్కువ. రెండేళ్ల కిందట మా బంధువు ఒకావిడ బిల్లు చూశాను. నాలుగు పేజీలుంది. సర్జన్ ఫీజు, గది అద్దె చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు గానీ, స్టేప్లర్ కార్ట్రిడ్జ్ అంటూ ఒకే పేరుతో వరసగా వచ్చిన ఆరు పద్దులు చూసి ఇంట్లో అందరూ ఆగిపోయారు. పొట్టను కోస్తూనే కుట్టుకుంటూ పోయే ఆ పరికరంలో ప్రతి కోతకూ కొత్త కార్ట్రిడ్జ్ వేయాలి, ఒకసారి వాడింది పారేయాల్సిందే. ఆవిడ బీఎంఐ 41, కాబట్టి క్లెయిమ్‌కు అడ్డు రాలేదు. అయితే ఆ పాలసీలో బేరియాట్రిక్ సర్జరీకి రెండున్నర లక్షల ఉప పరిమితి ఉందని పదో పేజీలో చిన్న అక్షరాల్లో రాసి ఉంది. బీమా మొత్తం పది లక్షలు కదా అని నిశ్చింతగా ఉన్న కుటుంబం మిగతా డబ్బుకు నగలు కుదువ పెట్టింది. డిశ్చార్జి అయ్యాక జీవితాంతం వాడాల్సిన విటమిన్, ఐరన్, కాల్షియం బిళ్లల ఖర్చు ఔట్‌పేషెంటు కింద లెక్కకట్టి పాలసీలు పక్కన పెట్టేస్తాయి. నలభై కిలోలు తగ్గాక వేలాడే చర్మాన్ని తీయించుకుంటే అది సౌందర్య చికిత్స అంటారు.

బీమా కంపెనీల వాదనను కొట్టిపారేయలేం. ఊబకాయం ఒక్కరోజులో వచ్చేది కాదు కాబట్టి, శస్త్రచికిత్స తేదీ మనసులో పెట్టుకునే పాలసీ కొనేవాళ్లుంటారు. అందరికీ తలుపు తెరిస్తే ఆ భారం అందరి ప్రీమియం మీదా పడుతుంది. పెళ్లి కుదిరేలోగా పదిహేను కిలోలు తగ్గాలనుకునేవారికీ, ఇన్సులిన్ పని చేయనివారికీ తేడా చూపే గీత ఒకటి ఉండి తీరాలి. వడ్డీ లేని వాయిదాలతో లావు తగ్గండి అంటూ మెట్రో స్తంభాల మీద పిలిచే ప్రకటనలు చూస్తే ఆ భయం ఊరకే పుట్టలేదనిపిస్తుంది. కానీ ముందే ప్లాన్ చేసుకుని కొనేవారిని ఆపడానికి వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ కొన్నాక క్లెయిమ్ ఇవ్వని తొలి గడువు, ఉంది, ముందునుంచీ ఉన్న జబ్బులకు దాన్ని మూడేళ్ల దాకా పెట్టుకోవచ్చు. పైగా బీఎంఐ ఎక్కువగా ఉన్నవారికి ప్రపోజల్ దశలోనే ప్రీమియం పెంచడమో, పాలసీ ఇవ్వననడమో జరుగుతూనే ఉంది. మనిషి లావుగా ఉన్నాడని ఎక్కువ ప్రీమియం వసూలు చేసి, ఆ లావుకు వైద్యం కోరినప్పుడు ఇంకా లావు కాలేదనడం రెండువైపులా పదునున్న కత్తి.

ఆ నాలుగు జబ్బుల జాబితాలో లేనివి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. అధిక రక్తపోటు లేదు, కొవ్వు పట్టిన కాలేయం లేదు, అరిగిపోయిన మోకాళ్లు లేవు. ఎనభై కిలోలు దాటిన మహిళకు మోకాళ్లు అరిగితే, రెండింటినీ మార్చే శస్త్రచికిత్సకు వెయిటింగ్ పీరియడ్ దాటాక అదే పాలసీ డబ్బిస్తుంది. మూత్రపిండాలు దెబ్బతింటే డయాలసిస్‌కు ఇస్తుంది, గుండెలో స్టెంటు వేస్తే ఇస్తుంది. వీటన్నిటికీ మూలంలో ఉన్న బరువు సంగతి మాత్రం మరో అయిదున్నర కిలోల దాకా వినిపించుకోదు. కంపెనీ కోణంలో దీనికీ ఒక లెక్క ఉంది. ఇవాళ శస్త్రచికిత్సకు ఖర్చు పెట్టేది తామైతే, పదేళ్ల తర్వాత డయాలసిస్ తప్పిన లాభం పోర్టబిలిటీ కింద ఆ మనిషి మారిన ఇంకో కంపెనీకి దక్కవచ్చు. ఒక్కో కంపెనీ ఎవరి లెక్క వారు చూసుకుంటే ఎవరూ ముందుకు రారు. అందుకే గీత మార్చే పని నియంత్రణ సంస్థే చేయాలి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళల బీఎంఐ 25 దాటింది, తెలంగాణలో 30.1 శాతం. దేశ సగటు 24 శాతమే. వీరిలో శస్త్రచికిత్స దాకా వెళ్లాల్సినవారు కొద్దిమందే అయినా, ఆ కొద్దిమందీ తక్కువేం కాదు. కొత్తగా వచ్చిన ఇంజెక్షన్లు దీన్ని తీరుస్తాయన్న మాట వినిపిస్తోంది గానీ, వాటికీ మామూలుగా బీమా అందదు. 2025 మార్చిలో మన మార్కెట్లోకి వచ్చిన మౌంజారో అయిదు మిల్లీగ్రాముల వయల్ ధర అప్పట్లో 4,375 రూపాయలు, వారానికొకటి. ఆ లెక్కన ఏడాదికి రెండు లక్షలు దాటేది, మందు ఆపితే పోయిన బరువులో చాలాభాగం తిరిగొస్తుంది. ఆ ధరకు రెండేళ్ల ఇంజెక్షన్ల డబ్బుతో ఒక స్లీవ్ సర్జరీ అయిపోయేది. ఈ రెండు దారుల్లో ఏది మేలో డాక్టరు, రోగి కూర్చుని తేల్చుకోవాలి గానీ, రెండింటికీ డబ్బు జేబులోంచే తీయాల్సి వచ్చినప్పుడు ఆ చర్చకు చోటే ఉండదు.

ఉన్న నిబంధన కింద అర్హత ఉన్నవారు కూడా కాగితాలు లేక ఓడిపోతున్నారు. విఫలమైన ప్రయత్నాలు అన్న మాటకు ఋజువు అడిగేసరికి చాలామంది దగ్గర ఏమీ ఉండదు. డైటీషియన్ ఇచ్చిన చార్టు ఫ్రిజ్ తలుపుకు అంటించి చిరిగిపోయి ఉంటుంది, జిమ్ రసీదు ఎప్పుడో పారేసి ఉంటారు. శస్త్రచికిత్స ఆలోచన వచ్చిన రోజు నుంచే ఎండోక్రైనాలజిస్టు (షుగరు, హార్మోన్ల డాక్టరు) చీటీలు, తేదీలతో సహా బరువు నమోదులు, నిద్ర పరీక్ష నివేదిక దాచుకోవాలి. నగదురహిత చికిత్సకు అనుమతి అడిగితే గంటలో తేల్చాలని 2024 మే నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ చెబుతోంది. కాదన్నప్పుడు ఏ నిబంధన కింద కాదన్నారో రాతపూర్వకంగా తీసుకోవాలి. కంపెనీ ఫిర్యాదుల విభాగంలో న్యాయం జరగకపోతే, ఏపీ, తెలంగాణ పాలసీదారులకు హైదరాబాద్‌లోనే బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. యాభై లక్షల దాకా వివాదాలు వింటారు, రుసుము లేదు, లాయరు అక్కర్లేదు.

అయితే అంబుడ్స్‌మన్ కూడా పాలసీలో రాసి ఉన్నదాన్ని బట్టే తీర్పు చెప్పగలరు. 32.8కి ఆయన దగ్గర కూడా జవాబు ఉండదు. వెయిటింగ్ పీరియడ్‌ను నాలుగేళ్ల నుంచి మూడేళ్లకూ, ఎన్నేళ్లు నిండాక క్లెయిమ్‌ను తిరగతోడకూడదో చెప్పే మారటోరియం గడువును ఎనిమిదేళ్ల నుంచి అయిదేళ్లకూ 2024లో ఒక్క నోటిఫికేషన్‌తో తగ్గించిన సంస్థకు, ఆరో మినహాయింపులో రెండు అంకెలు దిద్దడం అసాధ్యమేమీ కాదు. కనీసం టైప్-2 మధుమేహం అదుపు తప్పినవారికైనా 35 స్థానంలో 32.5 రాస్తే, మన గృహిణి మళ్లీ ఆ కౌంటరుకు వెళ్లవచ్చు. ఈలోగా ఆమె మోకాళ్ల ఎక్స్‌రే తీయించుకుంది. మోకాళ్ల ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి వచ్చేసింది.