వాట్సాప్‌కి స్పాట్ వాల్యుయేషన్

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ పేర్లుండవు. నిజాంపేటలో ఐదంతస్తుల బిల్డింగు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు, అందరం అంకెలమే. "నూట ఒకటి గారి స్కూటర్ అడ్డంగా ఉంది", "మూడొందల నాలుగు ఆంటీ వస్తున్నారు, తప్పుకో" అనుకుంటూ బతికేస్తున్నాం. నేను 203. కాబట్టి కింద 402 గారు అని రాశానంటే ఆయన పరువు కాపాడటానికి కాదు. ఆయన పేరు నాకు నిజంగానే తెలీదు. మాస్టారు అంటాం, పలుకుతారు.

మాస్టారు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఏటా ఎండాకాలం స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలకు కట్టలు పేపర్లు దిద్దిన చెయ్యి అది. రిటైరయ్యాక కూడా ఊరుకోదు. పెళ్లి శుభలేఖ ఇస్తే ముందు అక్షరదోషాలకు సున్నాలు చుట్టి, తర్వాతే ముహూర్తం ఎన్నింటికో చూస్తారు. అలాంటి మనిషికి మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపును అప్పగించారు.

కారణం లేకపోలేదు. పొద్దున్నే ఫోను తీస్తే గులాబీలు, పొగలు కక్కే టీ కప్పులు, కరివేపాకుతో నయం కాని జబ్బు లేదనే వీడియోలు, వాటి మధ్య ఎక్కడో నలిగిపోయి "లిఫ్ట్ పనిచేయదు". మొన్న 104లో పెద్దావిడ పోయారని మెసేజ్ వస్తే దాని కింద ఎవరో బొటనవేలు పైకెత్తారు. ఇంకెవరో "కంగ్రాట్స్, పార్టీ ఎప్పుడు?" అన్నారు. అది పైనున్న ఎంసెట్ ర్యాంకుకు పెట్టాల్సింది. ఆ ఆదివారమే సెల్లార్‌లో మీటింగు పెట్టారు.

503 కుర్రాడిది సాఫ్ట్‌వేరు. ఇదేం కొత్త జబ్బు కాదంకుల్ అని మొదలుపెట్టాడు. స్లాష్‌డాట్ అని 1997 నాటి సైటు ఒకటుందట. అందులో ప్రతి కామెంటుకీ మైనస్ ఒకటి నుంచి ఐదు దాకా స్కోరు ఉంటుందట. ఇంత కంటే తక్కువ వచ్చినవి నాకు చూపించకు అని చదివేవాళ్లు పెట్టుకోవచ్చట. స్కోరు వేసే ఛాన్సు మామూలు సభ్యులకే వంతులవారీగా వస్తుందట. కాకపోతే ఒక షరతు. ఏ చర్చకు స్కోరు వేస్తున్నాడో ఆ చర్చలో తను నోరెత్తకూడదు.

"ఇక్కడ కుదరదు బాబూ," అన్నారు 304 ఆంటీ. "నోరు మూసుకుని మార్కులేసే మనిషి ఈ బిల్డింగులో ఎవరున్నారో చూపించు."

కుర్రాడు తగ్గలేదు. ప్రోగ్రాములు రాసేవాళ్లు ప్రశ్నలు, జవాబులు పెట్టుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు సంగతి ఎత్తుకున్నాడు. అక్కడ జవాబు నచ్చి ఓటేస్తే రాసినవాడికి పది పాయింట్లు కలుస్తాయి. నచ్చలేదని ఓటేస్తే రాసినవాడికి రెండు పోతాయి, వేసినవాడికీ ఒకటి పోతుంది.

"అంటే తిట్టడానికి మనమే ఎదురు కట్టాలా?" అని 101 గారు విస్తుపోయారు. దాంతో ఆ పద్ధతి అక్కడే వీగిపోయింది. నిజం చెప్పాలంటే ఆ రోజు విన్నవాటిలో తెలివైనది అదే. కానీ నేను మీటింగుల్లో మాట్లాడను, సమోసాలు పంచుతాను.

అప్పటిదాకా కళ్లు మూసుకుని కూర్చున్న మాస్టారు నెమ్మదిగా కళ్లు తెరిచి, "నూటికి మార్కులు. ముప్పై ఐదు పాస్. పాసైనవాటికి వేరే గ్రూపు," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తెలుగువాళ్లకి ముప్పై ఐదు అంటే ఇంకేం వివరించక్కర్లేదు.

అలా రెండు గ్రూపులయ్యాయి. పాత దాంట్లో ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు. కొత్త దాంట్లో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయలేరు. పాసైన మెసేజ్‌ని మాస్టారు స్వయంగా అక్కడికి ఎక్కిస్తారు, పక్కన మార్కులు, కింద రిమార్కు. ఫెయిలైనవాటి మార్కులు మాత్రం పాత గ్రూపులోనే ఉంటాయి, పిల్లల ముందు పరువు పోకుండా. రెండు రోజులు తిరక్కుండానే అందరం పాత గ్రూపును మ్యూట్‌లో పడేసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

మొదటి దెబ్బ 101 గారికి తగిలింది. ఆయన తెల్లవారుజామున నాలుగున్నరకే శుభోదయం పంపుతారు. మాస్టారు సున్నా వేసి, "హైదరాబాదులో ఏ కాలంలోనూ ఐదున్నరకు ముందు సూర్యుడు ఉదయించడు. వాస్తవ దోషం," అని రాశారు. దాని వెనకే వచ్చిన కరివేపాకు వీడియోకి కూడా సున్నానే. 101 గారు మెట్ల దగ్గర కాపు కాశారు.

"మాస్టారూ, దాని మీద రెండు బాణాలున్నాయి చూశారా? అంతమందికి నచ్చితేనే కదా బాణాలు పడేది?"

ఆయన ఇన్నేళ్లూ ఆ జంట బాణాలను ఐఎస్ఐ మార్కులా చూస్తున్నారని అప్పుడు తెలిసింది. ఆ మెసేజ్ చాలా చేతులు మారి వచ్చింది, ఒళ్లు దగ్గర పెట్టుకో అని చెప్పడానికి వాట్సాప్ పెట్టిన గుర్తండీ అది, 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కరికే పంపనిస్తున్నది కూడా అందుకే అని 503 కుర్రాడు నచ్చజెప్పాడు. 101 గారు అంతా శ్రద్ధగా విన్నారు. మర్నాటి నుంచి ఫార్వర్డ్ చేయడం మానేసి, మొత్తం కాపీ చేసి తన సొంత మాటల్లాగే పెట్టడం మొదలుపెట్టారు.

కొన్ని మార్కులు చూస్తే మాత్రం నాకు మతిపోయేది. ఒకరోజు 103 వాళ్లు "ఇవాళ నల్లా నీళ్లు వస్తాయా?" అని అడిగారు. 302 నుంచి ఒక్క ముక్కలో జవాబు వచ్చింది: "రావు." మాస్టారు పన్నెండు మార్కులేశారు. రిమార్కు: "జవాబు సరైనదే. స్టెప్స్ చూపలేదు."

అదే ప్రశ్నకు 201 గారు రాసిన జవాబు ఫోనులో మూడు సార్లు "రీడ్ మోర్" నొక్కితే గానీ అయిపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద, అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి బతికి బయటపడ్డ నూట యాభై మంది, ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్, అన్నీ ఉన్నాయి. చివర్లో గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదిలిపోడన్న సామెత కూడా వేశారు. తారీఖుల్లో ఒక్క తప్పు లేదు. ఎనభై ఎనిమిది మార్కులు. ఇవాళ నీళ్లు వస్తాయో రావో మాత్రం అందులో ఎక్కడా లేదు. 103 ఆయన ఆ వ్యాసం మొత్తం చదివి, ఖాళీ బిందెతో పక్కింటి తలుపు కొట్టారు.

ఇక నా సంగతి. నా పార్కింగ్‌లో ఎవరో తెల్ల కారు పెట్టి పోతే, దయచేసి తీయండని రాశాను. ముప్పై నాలుగు వచ్చాయి. "రంగు చెప్పారు, నంబరు చెప్పలేదు," అని రిమార్కు. పైకెళ్లి, ఒక్క మార్కే కదా మాస్టారూ, గ్రేస్ కలపకూడదా అని అడిగాను. మంచినీళ్లిచ్చారు, టీ ఇచ్చారు, ఉస్మానియా బిస్కెట్ కూడా పెట్టారు, మార్కు మాత్రం ఇవ్వలేదు. "మీకు కలిపితే ఇరవై ఫ్లాట్లకూ కలపాలి." పక్కన సోఫాలో వాళ్ల అల్లుడు కూడా బిస్కెట్ తింటూ నా వైపు జాలిగా చూశాడు. రాత్రి ఆ అల్లుడు వెళ్లాక నా పార్కింగ్ ఖాళీ అయింది.

"ముప్పై నాలుగుతో పోవడం మీకేం కొత్త కాదులెండి," అంది మా ఆవిడ. మా అత్తగారింట్లో నా ఇంటర్ మార్కుల లిస్టు చూపించిన మహానుభావుడెవరో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇంతలో ఆ శనివారం వచ్చింది. సెక్రటరీ గారు ఊళ్లో పెళ్లికి వెళ్తూ, మర్నాడు సంపు కడిగిస్తున్నారనీ, అందరికీ చెప్పమనీ వాచ్‌మన్‌కి ఫోను చేశారు. మా వాచ్‌మన్‌ది మెదక్ వైపు. రాయడం కంటే మాట్లాడటం అతనికి తేలిక. గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"సార్లకు నమస్తే. రేపు పొద్దుగాల తొమ్మిదింటికి సంపు కడుగుతరు. మోటర్ బందు పెడ్తం. టాంకర్ పొద్దుమీకి వస్తదంట. బకెట్లు గిట్ల నింపి పెట్టుకోండ్రి."

పదిహేను సెకన్లు కూడా లేదు. ఏం జరుగుతుంది, ఎప్పుడు, ఎంతసేపు, మనం ఏం చేయాలి, అన్నీ ఉన్నాయి. మా గ్రూపు పుట్టాక ఇంతకంటే మంచి మెసేజ్ రాలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. మాస్టారు ఇరవై ఎనిమిది వేశారు. "సంబోధన బాగుంది. తేదీ వేయలేదు, 'రేపు' అంటే చాలదు. ముగింపు లేదు. మధ్యలో కుక్కర్ రెండు విజిళ్లు." పాత గ్రూపులో ఫెయిలైన మెసేజ్, దాని కింద మార్కులు, రెండూ మ్యూట్‌లో ప్రశాంతంగా పడున్నాయి.

ఆదివారం. మన ఇళ్లలో ఆదివారం తొమ్మిదిన్నరంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఒకరు తలంటుకుంటుంటారు, ఒకరు మటన్ కడుగుతుంటారు, వాషింగ్ మెషీన్లో వారం బట్టలు తిరుగుతుంటాయి. పై ట్యాంకులో ఉన్న కాసిన్ని నీళ్లు అయిపోయాయి. ముందు ఐదో అంతస్తు నుంచి ఒక కేక, తర్వాత మూడో అంతస్తు నుంచి రెండు. కాసేపటికి సెల్లార్‌లో సభ తీరింది. 503 కుర్రాడు నెత్తి నిండా షాంపూ నురగతో, ఒక కన్ను మాత్రమే తెరిచి వచ్చాడు. 201 గారికి ఒక చెంప నున్నగా ఉంది, రెండోది సబ్బుతో ఉంది. 304 ఆంటీ చేతికి గోరింటాకు ఆరిపోయి పెచ్చులు రాలుతోంది. నా చేతిలో ఖాళీ బిందె. మా ఆవిడ ఇచ్చింది, ఎందుకని అడగలేదు.

సంపులోంచి చీపురుతో పైకొచ్చిన వాచ్‌మన్ మమ్మల్ని చూసి బిత్తరపోయాడు. "నిన్ననే చెప్తి గద సార్?"

సరిగ్గా అప్పుడు లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. మాస్టారు దిగారు. తడి జుట్టు నున్నగా దువ్వి, నుదుట మూడు విభూతి రేఖలు, ఉతికిన తెల్ల పంచె, చేతిలో గుడికి తీసుకెళ్లే కొబ్బరికాయ. ఒంటి మీద ఇంకా సబ్బు వాసన.

"మాస్టారూ," అన్నారు 304 ఆంటీ, చాలా మెల్లగా. ఆంటీ మెల్లగా మాట్లాడితే మేమందరం ఒక అడుగు వెనక్కి వేస్తాం. "మీకు నీళ్లెక్కడివి?"

"రాత్రే పట్టి పెట్టుకున్నానమ్మా, రెండు డ్రమ్ములు. వాచ్‌మన్ చెప్పాడుగా."

"చెప్పినట్టు మాకు తెలీదే?"

"ఎలా తెలుస్తుందమ్మా? ఫెయిలయ్యాడు."

"ఫెయిలైన మెసేజ్‌ని మీరెలా నమ్మారు?" అన్నాడు 503 కుర్రాడు, రెండో కన్ను కూడా తెరిచి. వెంటనే మూసుకున్నాడు, మంటకి.

"ఫెయిలైంది ప్రెజెంటేషనయ్యా. విషయం నూటికి నూరుపాళ్లు కరెక్టు," అన్నారు మాస్టారు, ఇందులో అర్థం కానిదేముందన్నట్టు.

కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు. వాచ్‌మన్ కొడుకు ఈ ఏడే ఇంటర్ రాశాడు, అతనికి ఈ వ్యవహారాలన్నీ బాగా తెలుసు. చీపురు పక్కన పెట్టి వినయంగా అడిగాడు: "సార్, సప్లిమెంటరీ ఉంటదా?"

స్లాష్‌డాట్‌లో మార్కులు వేసేవాళ్లకు మార్కులు వేసే ఏర్పాటు కూడా ఒకటి ఉండేదని 503 కుర్రాడు మళ్లీ ఎత్తుకోబోయాడు. ముందు నీ నెత్తి కడుక్కో అని అందరూ ఒకే గొంతుతో అన్నారు. మా బిల్డింగులో ఏకగ్రీవంగా జరిగిన తీర్మానం నాకు తెలిసి అదొక్కటే.

టాంకర్ వచ్చాక, సాయంత్రం 304 ఆంటీ పాత గ్రూపులో మాస్టారి మీద పెద్ద మెసేజ్ పెట్టారు. పొద్దుటి నుంచి గోరింటాకు చేత్తో కూర్చుని మనసులోనే రాసుకున్నట్టున్నారు. ఆయన లెక్కల చదువు దగ్గర మొదలై, అల్లుడి కారు మీదుగా, రెండు డ్రమ్ముల దాకా వచ్చింది. చివర్లో "ఇట్లు, ఫ్లాట్ నంబర్ 420 బాధితురాలు" అని ముగించారు. మేమందరం మ్యూట్ తీసి ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

పది నిమిషాల్లో ఆ మెసేజ్ కొత్త గ్రూపుకి ఎక్కింది. తొంభై ఆరు మార్కులు, ఇప్పటిదాకా ఎవరికీ రానన్ని. కింద మాస్టారి రిమార్కు: "వాదన క్రమపద్ధతిలో ఉంది. అక్షరదోషాలు లేవు. సంబోధన, ముగింపు చక్కగా కుదిరాయి. మా ఫ్లాట్ నంబరు 402, పొరపాటున 420 అని పడినందుకు రెండు మార్కులు కోత. కావాలనే రాసి ఉంటే, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో మోసానికి సెక్షన్ 318. పాత సిలబస్ రాసినందుకు ఇంకో రెండు."